పత్రికలో ‘లేదు’... పొదలో ఉంది!

మా ఇంట్లో నెలకోసారి ఒక పంచాయితీ తప్పదు. పాత పేపర్లు కొనే అతని కేక వీధి మలుపులో వినిపించగానే మా ఆవిడ ఆదివారం పుస్తకాల కట్ట బయటికి తీస్తుంది. ‘‘ఏమండీ, ఇవన్నీ ఇచ్చేయనా?’’ అంటుంది. ‘‘ఆగాగు, ఒకసారి చూసి ఇస్తా’’ అంటాను. ‘‘ఆర్నెల్ల నుంచీ చూస్తూనే ఉన్నారుగా!’’ అంటుంది. కిలోల లెక్కన వచ్చే ఆ చిల్లర ముందు నా వాదన ఏనాడూ నెగ్గలేదు. ఈసారి మాత్రం నా చేతికి ఒక మంచి ఆయుధం దొరికింది. ఒక వారపత్రిక వల్ల బతికి బట్టకట్టిన జంతువు కథ అది. దాంతోపాటు ఒక అడవి ముక్క కూడా మిగిలింది.

1973 నాటి మాట. ఆస్ట్రేలియా ఈశాన్యాన క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఉంది కదా. అక్కడి సముద్ర తీరానికి దగ్గర్లో రాక్‌హాంప్టన్ పట్నం. అక్కడి నుంచి పడమటికి దాదాపు నూట యాభై కిలోమీటర్లు లోపలికి వెళితే డింగో అని ఒక చిన్న ఊరు వస్తుంది. డింగో అంటే ఆస్ట్రేలియా అడవికుక్క. ఊరికి ఆ పేరేమిటని అడక్కండి, మనకు మాత్రం పందిళ్లపల్లి, కుక్కలదొడ్డి లాంటి పేర్లు లేవా! చుట్టూ పశువుల ఎస్టేట్లు. ఒక్కో ఎస్టేటూ మన మండలమంత. ఆ ఎస్టేట్లకు కంచెలు వేసే కాంట్రాక్టరు ఒకాయన ‘ఉమన్స్ డే’ అనే వారపత్రిక చదువుతున్నాడు. పేరునుబట్టే తెలుస్తోందిగా, ఆడవాళ్ల పత్రిక. అందులో అంతరించిపోయిన ఒక ఆస్ట్రేలియా జంతువు గురించి వ్యాసం పడింది.

ఆయనకు ఆశ్చర్యం. ఎందుకంటే, లోకంలో లేదని పత్రిక రాసిన ఆ జంతువును ఆయన తాను పనిచేసే చోట చూస్తున్నాడు!

అలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? ‘‘ఈ పత్రికల వాళ్లకు ఏమీ తెలీదు’’ అని పక్కవాడితో అనేసి పేజీ తిప్పేస్తాం. ఆయన అలా వదిలేయలేదు. కబురు పంపాడు. వన్యప్రాణి శాఖ శాస్త్రజ్ఞులు వచ్చి చూశారు. నిజమే! 1937 తర్వాత ఎవరి కంటా పడినట్టు రుజువు లేని జంతువు, ముప్పై ఆరేళ్లుగా పోయిందనుకుని అందరూ చేతులు కడిగేసుకున్న జంతువు, డింగో ఊరి పక్కన పొదల్లో నిక్షేపంగా గడ్డి మేస్తోంది.

దాని పేరు బ్రైడిల్డ్ నెయిల్‌టెయిల్ వాలబీ. నోరు తిరగడం కష్టమే కాబట్టి మనం ‘మేకుతోక వాలబీ’ అనుకుందాం. వాలబీ అంటే కంగారూకి చిన్న చెల్లెలు. అదే పొట్టసంచి, అవే గెంతులు, కాకపోతే సైజు చిన్నది. ఇందులో మగది మహా అయితే ఎనిమిది కిలోలు ఉంటుంది, ఆడది అయిదు కిలోల లోపే. మెడ వెనక నుంచి భుజాల మీదుగా ముందుకాళ్ల దాకా ఒక తెల్లటి చార ఉంటుంది. దూరం నుంచి చూస్తే గుర్రానికి కళ్లెం తగిలించినట్టు కనిపిస్తుంది. ‘బ్రైడిల్’ అంటే అదే. ఇక తోక చివర, వెంట్రుకల మధ్య దాక్కుని, గోరులాంటి చిన్న ములుకు ఉంటుంది. గెంతేటప్పుడు ముందుకాళ్లను చక్రంలా తిప్పుతుందట. తిరగలి తిప్పుతూ పరుగెత్తుతున్న మనిషిని ఊహించుకోండి!

జాన్ గౌల్డ్ అనే ఇంగ్లిషాయన 1838-40 మధ్య ఆస్ట్రేలియాలో తిరిగి అక్కడి పక్షుల్నీ జంతువుల్నీ బొమ్మలకెక్కించిన మహానుభావుడు. ఈ వాలబీని శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. ఆ రోజుల్లో ఇదేమీ అపురూపం కాదు. క్వీన్స్‌లాండ్ నుంచి దక్షిణాన ముర్రే నది దాకా, సముద్రానికి దూరంగా ఉన్న లోపలి నేలల్లో విరివిగా తిరిగేది. మరి నూరేళ్లు తిరిగేసరికల్లా ఎలా మాయమైంది?

కారణం ఒక్కటైతే బాగుండేది. తెల్లదొరలు గొర్రెల్నీ పశువుల్నీ దించారు. గడ్డంతా వాటికే చాల్లేదు. వేట సరదాకు నక్కల్ని తెచ్చి వదిలారు. పిల్లులు ఇళ్లు దాటి అడవిపాలయ్యాయి. అదీ చాలనట్టు, పచ్చికలో వాటా అడిగే ప్రతి గెంతుడు జంతువూ దొంగేనని 1877లో క్వీన్స్‌లాండ్‌లో ఏకంగా చట్టమే చేశారు. చంపి తల చర్మం తెచ్చి చూపించిన వాడికి రొక్కం! మన దగ్గర దొరల కాలంలో పులిని చంపితే బహుమానం ఇచ్చేవారే, అలాగన్నమాట. 1930 దాకా సాగిన ఆ పద్దులో కంగారూలు, వాలబీలు, వాటి బంధువులూ కలిపి రెండున్నర కోట్లకు పైగా లెక్క తేలాయి. అందులో మన మేకుతోకలు ఎన్నో విడిగా రాసినవాడు లేడు. అప్పట్లో అవన్నీ ఒకే గాటన కట్టేసిన ‘పురుగు’లే మరి.

అన్నట్టు, మేకుతోకలు మొత్తం మూడు రకాలు. ఉత్తరాదిది ఇప్పటికీ క్షేమం. నెలవంక చార ఉండే మరో రకం మాత్రం పూర్తిగా పోయింది, దానికి ఏ కంచెల కాంట్రాక్టరూ దొరకలేదు.

సరే, జంతువు దొరికింది. అది దాక్కున్న చోటు ఎలాంటిది? మంచుకొండలూ జలపాతాలూ ఉన్న చోటనుకుంటే పొరపాటే. అది ఒక తుమ్మడవి.

ఆ చెట్టు పేరు బ్రిగలో. మన నల్లతుమ్మకు దూరపు చుట్టం, అక్కడి అకేసియా కుటుంబంలోది. నల్లటి బెరడు, వెండి పూత పూసినట్టుండే కొడవలి ఆకులు. దాని శాస్త్రీయ నామం ‘హార్పోఫిల్లా’కు అర్థం కూడా కొడవలి ఆకనే. నిజానికి అవి ఆకులే కావు, ఆకుల పని చేసే వెడల్పాటి తొడిమలు. వాన తక్కువ చోట నీళ్లు ఆవిరి కాకుండా ఆ ఏర్పాటు. దట్టంగా, చీకటిగా, మనిషి దూరలేనట్టు పెరుగుతుంది. దానికి అటూ ఇటూ పలచగా పాప్లర్ బాక్స్ చెట్లు. మన జామాయిల్‌కు అన్నదమ్ములు అవి. క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ వెనక నుంచి దక్షిణాన న్యూసౌత్‌వేల్స్ ఉత్తర భాగం దాకా ఒకప్పుడు ఈ అడవి ఓ వడ్డాణంలా పరుచుకుని ఉండేది. అందుకే ఆ ప్రాంతానికి ‘బ్రిగలో బెల్ట్’ అని పేరు.

దాని కింద నేల మన నల్లరేగడికి కవల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు ఇరుక్కునేంత పగుళ్లిస్తుంది. వేల ఏళ్లుగా అలా ఉబ్బుతూ కుంగుతూ గుంటలూ దిబ్బలుగా తయారైంది. వానాకాలంలో ఆ గుంటలన్నీ చిన్న చిన్న కుంటలు. వాటిని అక్కడి ఆదివాసీల మాటతో గిల్‌గాయ్ అంటారు. కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు నల్లరేగడి విలువ చెప్పాలా? ఆ అడవికి చేటు తెచ్చింది ఆ మంచి నేలే. చెట్టు కొట్టేస్తే బంగారంలాంటి పచ్చిక, గోధుమ!

కానీ బ్రిగలో అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. మన సర్కారు తుమ్మ గురించి మనకు తెలుసుగా, ఒకటి నరికితే పది లేస్తాయి. ఇదీ అంతే. వేళ్ల నుంచే పిలకలేస్తుంది. గొడ్డలి కాలంలో మనిషే ఓడిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భారీ యంత్రాలు చేతికొచ్చాక కథ తిరగబడింది. రెండు బుల్‌డోజర్లు ఒకదానికొకటి దూరంగా నడుస్తాయి. మధ్యలో ఓడల లంగరుకు కట్టేలాంటి పెద్ద గొలుసు. అవి సాగిపోతుంటే మధ్యలో ఉన్న అడవంతా వరసగా నేలకొరుగుతుంది. ఎండాక నిప్పు పెడతారు. పిలకలొస్తే విమానాల నుంచి మందు కొడతారు. 1962లో ప్రభుత్వమే చట్టం చేసి, అప్పులిచ్చి, భూములు పంచి, నరకమని వెన్ను తట్టింది. పాపం, ఆ రైతుల్నీ పూర్తిగా తప్పుపట్టలేం. నరికితేనే భూమి నిలుస్తుందని షరతు ఉంటే ఎవరు మాత్రం ఆగుతారు? ఇవాళ లెక్క చూస్తే ఒకనాటి బ్రిగలో అడవిలో నూటికి తొంభై పాళ్లకు పైగా లేదు. ఉన్నదంతా రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద, అక్కడో ముక్క ఇక్కడో ముక్క.

సరిగ్గా ఆ గొలుసులు జోరుగా తిరుగుతున్న రోజుల్లోనే మన కంచెల కాంట్రాక్టరు కబురు పంపాడు.

తర్వాత ఏం జరిగింది? క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆ పశువుల ఎస్టేట్ల భూమిని కొనేసింది. 11 వేల హెక్టార్లకు పైచిలుకు, మన లెక్కలో దాదాపు 28 వేల ఎకరాలు. దానికి టాంటన్ నేషనల్ పార్క్ అని పేరు పెట్టింది. దేశంలో నేషనల్ పార్కులు వందలున్నా దీని తరహా వేరు. ఇది ‘శాస్త్రీయ’ జాతీయ వనం. అంటే జనానికి ప్రవేశం లేదు. టికెట్ కౌంటరూ జీపు సఫారీ ఏమీ ఉండవు, ‘ఇక్కడ నిలబడి ఫొటో తీసుకోండి’ అనే బోర్డూ ఉండదు. అనుమతి ఉన్న శాస్త్రజ్ఞులూ సిబ్బందీ మాత్రమే వెళతారు. ‘చూడ్డానికి వీల్లేని పార్కు ఎందుకండీ’ అని మీరడగొచ్చు. అది మన కోసం కట్టింది కాదు మరి!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటి చెప్పాలి. మేకుతోక వాలబీకి దట్టమైన అడవి ఒక్కటీ చాలదు, విశాలమైన పచ్చిక ఒక్కటీ చాలదు. రెండూ కలిసే అంచు కావాలి. పగలంతా పొద కింద, లేదా డొల్ల మొద్దులో ముడుచుకుని పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి అంచు దగ్గరే మేస్తుంది. ఏ చప్పుడైనా అయిందా, ఒక్క గెంతుతో పొదలోకి. పొద దొరక్కపోతే నేలకు కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. నరికేసిన చోట మళ్లీ మొలిచిన పిలక బ్రిగలో ఉంటుందే, రైతుకు తలనొప్పి అయిన ఆ చిక్కటి పిలకల గుంపు, అది కూడా దీనికి మంచి తలదాపు. ఎవరికీ అక్కర్లేని కంప ఒకరికి ఇల్లన్నమాట.

భూమి కొన్నారు, పశువుల్ని తోలేశారు, ఇక కథ సుఖాంతమే అనుకున్నారు చాలామంది. నేనూ ఇక్కడి దాకా చదివి అలాగే అనుకున్నా. కాలేదు.

1990ల మొదట్లో కరవొచ్చింది. పచ్చిక మాడింది. టాంటన్‌లో వాలబీల సంఖ్య దారుణంగా పడిపోయింది. కరవు తీరాక కోలుకోవాలి కదా? కోలుకోలేదు. ఎందుకని ఆరా తీస్తే నేరం పిల్లి మీదికి వచ్చింది. తల్లి పొట్టసంచిలోంచి పిల్ల నాలుగు నెలలకే బయటికొచ్చేస్తుంది. అప్పటికది కుందేలంత కూడా ఉండదు. తల్లి దాన్ని పొదలో దాచి మేతకు వెళుతుంది. అడవిపాలైన పిల్లికి అది నోటి దగ్గర ముద్ద. మూడు కిలోలు దాటితే పిల్లి జోలికి రాదు. ఆ మూడు కిలోల గీత దాటడమే గగనం. సగానికి పైగా పిల్లలు ఆలోపే పోతున్నాయని తేలింది.

రెండో శత్రువు గడ్డి. బఫెల్ అంటారు. పశువులకు మహా ఇష్టం. ఆఫ్రికాలోనూ మన దగ్గరా సహజంగా ఉండేదే, రాజస్థాన్‌లో అంజన్ గడ్డి అని పెంచుతారు. ఒకప్పుడు మన ఉపఖండం వైపు నుంచి ఒంటెలు తోలుకెళ్లిన వాళ్ల జీనుల్లో కూరిన గడ్డితో ఆస్ట్రేలియా చేరిందని చెబుతారు. తర్వాత కావాలనే చల్లారు. ఒత్తుగా పెరిగి ఎండిందంటే బారుడు మందే. మామూలు గడ్డి మంట వేరు, దీని మంట వేరు. బ్రిగలోకి నిప్పంటే పడదు. గడ్డి అంచు నుంచి మంట లోపలికి పాకుతూ ఏటా కాస్త కాస్త అడవిని కొరుక్కుతింటుంది.

ఇంకో పాత నేస్తం కూడా అక్కడుంది. పొలం గట్టున తెల్లపూలతో మనల్ని చూసి తల ఊపే వయ్యారిభామ! మధ్య క్వీన్స్‌లాండ్ రైతులకూ అది నిద్ర పట్టనివ్వడం లేదు. అమెరికా నుంచి తెప్పించిన గడ్డి విత్తనాల్లో కలిసి 1960 ప్రాంతంలో అక్కడ దిగింది. మనకైతే అమెరికా గోధుమలతో వచ్చిందంటారు. అక్కడివాళ్లకు వయ్యారిభామ అనే అందమైన పేరు మాత్రం తట్టలేదు.

మరి వాలబీ సంగతి? గుడ్లన్నీ ఒకే బుట్టలో ఉంచకూడదని కొన్నిటిని వేరే చోట్లకు పంపారు. 1990లలో పశ్చిమాన ఇడాలియా నేషనల్ పార్కుకు, 2001 నుంచి ఎమరాల్డ్ పట్నం దగ్గర అవొకెట్ అనే ఒక ప్రైవేటు పశువుల ఎస్టేటుకు. ఆ ఎస్టేటులో కొంత భూమిని అభయారణ్యంగా వదిలారు. అక్కడా అదే కరవు, అదే పిల్లి. 2015 నాటికి అవొకెట్‌లో ఎన్ని మిగిలాయో తెలుసా? పదహారు.

అప్పుడు న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ఉపాయం పన్నారు. దానికి ఇంగ్లిషులో పెద్ద పేరుంది కానీ, మన అమ్మమ్మలకు అది ఎప్పుడో తెలుసు. కోడిపిల్లల్ని గద్ద తన్నుకుపోతుంటే ఏం చేసేవారు? గంప కింద పెట్టేవారు. కాస్త రెక్క ముదిరాక వదిలేవారు. వీళ్లూ అదే చేశారు. అడవిలోనే తొమ్మిది హెక్టార్ల చోటుకు పిల్లి దూరని కంచె వేశారు. మూడు కిలోల లోపు పిల్లల్ని పట్టి అందులో వదిలారు. పెద్దవాటిని బయటే ఉంచారు. పిల్లలు లోపల సొంతంగానే మేసి పెరిగాయి. గీత దాటాక తలుపు తీసి బయటికి. కంచె లోపల పెరిగిన వాటిలో నూటికి 89 బతికాయి. మూడేళ్లలో పదహారు కాస్తా నలభై ఏడు అయ్యాయి.

నలభై ఏడు అంటే మన బస్సులో సీట్లకు సరిపోయే సంఖ్య. దానికే వాళ్లు సంబరపడ్డారు. పడాలి కూడా. పిల్లిని దేశం మొత్తం మీద నిర్మూలించడం అయ్యే పని కాదు. పిల్ల పెరిగేదాకా గంప మూయడం అయ్యే పని. 2019లో న్యూసౌత్‌వేల్స్‌లోని పిలిగా అడవిలో కంచె వేసిన చోటికి కూడా మేకుతోకలు చేరాయి. అయినా గండం గడిచిందనడానికి లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ జాబితాలో అవి ఇప్పటికీ అంతరించే ప్రమాదంలో ఉన్న జీవాలే. గత రెండు వందల చిల్లర సంవత్సరాల్లో ఆ దేశం 30కి పైగా క్షీరదాలను పోగొట్టుకుంది.

ఈ కథ చదువుతున్నంతసేపూ నాకు మన కడప జిల్లా లంకమల అడవే కళ్ల ముందు తిరిగింది. అదీ ముళ్లకంపల అడవే. అక్కడ కలివికోడి ఉండేది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, పోయిందన్నారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి దాని బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు దాన్ని పట్టి తెచ్చాడు. ప్రపంచం నివ్వెరపోయింది. ఆ పిట్ట కోసం లంకమలను అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి మళ్లించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కలివికోడి మళ్లీ కంటికి ఆనలేదు. 2025 ఆగస్టులో దాని కూత వినిపించిందని పక్షి ప్రేమికులు ప్రకటించినప్పుడు నేనైతే పేపరు రెండుసార్లు చదివాను. అక్కడ కంచెల కాంట్రాక్టరు, ఇక్కడ ఐతన్న. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు లేదన్నదాన్ని, పొద్దస్తమానం ఆ కంపల్లో తిరిగేవాళ్లు ఉందన్నారు. ఒకచోట చేతిలో పత్రిక ఉంది, ఇంకోచోట బొమ్మ ఉంది. తేడా అంతే.

ఈ కథంతా మా ఆవిడకు చెప్పి, ‘‘చూశావా, పత్రిక ఎంత పని చేసిందో!’’ అన్నాను విజయగర్వంతో. ‘‘ఆయన చదివి కబురు పంపాడు. మీరు చదవకుండా దాస్తున్నారు’’ అని తేల్చేసి కట్ట ఎత్తుకెళ్లింది. పక్కనే కూర్చుని వింటున్న మా అమ్మాయి మాత్రం అసలు ప్రశ్న అడిగింది. ‘‘అన్నీ చెప్పావు సరే నాన్నా, ఇంతకీ దాని తోకకు ఆ మేకు ఎందుకు?’’

గౌల్డ్ కాలం నుంచీ చూస్తున్నారు. అది ఎందుకుందో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు.